సున్న

మీరు అడుగుతున్నది ఆంబ్రోస్ థిర్కెల్ గారి గురించే గదా.
కూర్చోండి. ఆ బల్ల మీద వద్దు, ఊగుతుంది.
సూది సమంగా నిలవాలని అయ్యగారు దాని కాలు కోశారు.

హార్విచ్ రేవులో తెరచాపలు కుట్టేవాడి కొడుకు.
కేంబ్రిడ్జిలో నాలుగేళ్లు లాటిన్ తిని
అరక్క తిరిగొచ్చాడని సొంత తండ్రే అనేవాడు.
నాకప్పుడు పద్నాలుగు. అంట్లు తోమడానికి చేరాను,
ఏడాదికి ముప్పై షిల్లింగులు, ఒక జత చెప్పులు.

మొదటి వారమే వెల్లుల్లి తెమ్మన్నారు, రెండు గంపలు.
కూరలోకేమో అనుకున్నా.
వెల్లుల్లి తిన్నవాడు దిక్సూచి మీద ఊపిరి వదిలితే
సూదంటురాయి బలం చచ్చిపోతుందని
రేవంతా నమ్మేది. చుక్కాని పట్టేవాడి నోరు వాసనొస్తే
వీపు చిట్లిపోయేది.
రోము రాజుల నాటి నుంచీ పుస్తకాల్లో ఉందట.
"అందరూ రాశారు," అన్నారు అయ్యగారు, "ఎవరైనా చూశారా?"

ఆ మాటకి నేను రోలు కడుక్కొచ్చాను.

మూడు రోజులు నూరాను. వేళ్లు మండిపోయాయి.
రాయికి పూశాం, రసంలో నానేశాం,
ఆయన గుప్పెడు నమిలి సూది మీద ఊదారు కూడా.
ఆ ఆదివారం చర్చిలో మా వరుసలో ఎవరూ కూర్చోలేదు.
సూది మాత్రం
వెంట్రుకవాసి కదల్లేదు.
ఉత్తరం ఉత్తరమే.

ఖాతా పుస్తకం తీసి చేపల లెక్క పక్కన
ఒక గుండ్రం చుట్టారు.
"అంటే ఏంటయ్యా?"
"ఏమీ జరగలేదని, థామసిన్.
జరగనిది కూడా రాయాలి."
నా చేయి పట్టుకుని నాచేతా చుట్టించారు.
ఈ జన్మకి నాకొచ్చిన అక్షరం అదొక్కటే.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు.
వజ్రం పక్కన పెడితే రాయి నీరుగారిపోతుందట:
కంసాలి భార్య ఉంగరం అరువు తెచ్చాం. సున్న.
మేక నెత్తుట్లో ముంచితే పోయిన బలం తిరిగొస్తుందట: సున్న,
కసాయి టోబీకి ఇంకా నాలుగు పెన్నీల బాకీ.
మనసులో వేరే మగవాణ్ణి దాచుకున్న ఆడదాని దిండు కింద రాయి పెడితే
మంచం మీంచి దొర్లి పడుతుందట.
ఆయనకి పెళ్లి కాలేదు. నన్ను అడగడానికి మొహమాటపడ్డారు.
నేనే పెట్టుకున్నాను, చెప్పకుండా.
ఒళ్లెరగని నిద్ర.
పొద్దున్నే సున్న నేనే చుట్టాను.
దేనికని ఆయన అడగలేదు.

ఒక్కసారి జరిగింది.
కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము రాయిని గుర్తుపట్టలేదు.
పటకారు నా చేతిలోనే ఉంది.
చల్లారుతూ, నల్లబడుతూ, ఒక్కసారిగా
తప్పిపోయిన పిల్ల తల్లి గొంతు విన్నట్టు
అటు లాగింది.
ఆ రాత్రి రెండు పేజీలు రాశారు, ఒక వడియాల బస్తాలా నిద్రపోయారు.
లండన్‌కి ఉత్తరం రాస్తే ఆరు నెలలకి జవాబొచ్చింది:
హార్విచ్‌లో ఎండు కాడ్ చేప ధర ఎంత?

చలిజ్వరం నవంబరులో వచ్చింది.
"ప్రాణం పోయేటప్పుడు సూది కదులుతుందేమో చూడు" అన్నారు.
ఎవరూ చూడలేదు గదా.
పాస్టరు గారు మెట్లెక్కుతున్న చప్పుడు.
నేను దిక్సూచి ఆయన గుండె మీద పట్టుకున్నాను.
కదిలింది.
అబద్ధమెందుకు, వణికింది నా చెయ్యి.
అందుకని ఈ బల్ల మంచానికి ఆనించి,
దాని మీద పెట్టి, ఊపిరి బిగబట్టి
మళ్లీ చూశాను, ఆయన నేర్పినట్టే.

ఉత్తరం.

ఇదిగో, హెర్రింగులు పన్నెండు, మూడు పెన్నీలు,
దాని కింద వంకరగా ఉన్నది నాది.
మీకు ఆ రెండు పేజీలే కావాలా?
చింపుకెళ్లండి.
సున్నలు ఇక్కడ ఉండనివ్వండి.