చెవిలో రాయి

స్క్విడ్ తలలో రెండు వైపులా
నువ్వుగింజలో సగమైనా లేని రాళ్ళుంటాయి.
నీళ్ళలో ఏది పైనో ఏది కిందో
వాటిని బట్టే దానికి తెలుస్తుంది.
పట్టకారుతో తీసి, జిగురులో పాతి,
గరుకు కాగితం మీద అరగదీసి
మైక్రోస్కోపు కింద పెడితే వలయాలు:
రోజుకొకటి.
ఇది నూట ఎనభై ఏడు రోజులు బతికింది
అని రాసుకుంటాను.

హకోదాతేలో ఏప్రిల్ మొదటివారం.
మిగిలిన మంచు మురికి పట్టి
ట్రాము పట్టాల పక్కన కూర్చుంది.
ల్యాబు తలుపు వెనక మేకుకి నా నల్ల సూటు.
నాలుగో ఏడు చదివే ప్రతి ఒక్కరిదీ ఇదే సూటు,
ఇదే తెల్ల చొక్కా, మెడ మీద ఇదే జుట్టుముడి.
స్క్విడ్ వాసన పట్టకుండా
చెత్తసంచీ తొడిగాను.
పట్టింది.

దరఖాస్తులో ఒక గడి:
"చదువుకునే రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా
దేనికోసం శ్రమించారు?
నాలుగు వందల అక్షరాలు మించకూడదు."
అన్నిటికంటే.
ఆ ఒక్క మాట దగ్గర మూడు రాత్రులు ఆగిపోయాను.

మంగళవారం, శుక్రవారం షామిసెన్.
కుదో గారు పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి,
కుడిచేతి రెండు వేళ్ళు మడవలేరు.
ఆయన షెడ్డులో కిరోసిన్ పొయ్యి చుట్టూ
ఐదుగురం, ఇప్పుడు నలుగురం.
చలికి తీగ జారుతుంది, వేడికి జారుతుంది,
ఏమీ లేకపోయినా జారుతుంది.
మొదటేడు నేను వాయించడం ఆపి
బిరడ తిప్పి, చెవి ఆనించి,
మళ్ళీ మొదటికొచ్చేదాన్ని.
"ఆపితే ఎట్లా చిగుసా, పాట నీకోసం ఆగుతుందా?"
వాయిస్తూనే ఎడమచెయ్యి చటుక్కున
బిరడ మీదికి వెళ్ళి రావాలి, వినేవాళ్ళకి తెలియకుండా.
నేను చేస్తే ఇంకా తెలిసిపోతుంది.

ఐదోవాడు ర్యోహే. నవంబరులో మానేశాడు.
మూడు కంపెనీలు పిలిచాయి. తప్పుపట్టను.
వాద్యం నా గదిలో పెట్టి వెళుతూ
"ఎండ తగలనీకు" అన్నాడు, అంతే.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు.
రేవులో పెరిగినదాన్ని, నాకు తెలుసు:
పడవలోంచి పడవలోకి పెట్టెలు అందించేవాడు
అరగంటైనా అట్లాగే నిలబడతాడు,
మోకాళ్ళు వదులుగా పెట్టి.
పడేది బిగుసుకున్నవాడే.
బాగుంది కదా ఈ మాట?
మా మామయ్య మోకాళ్ళు వదులుగా పెట్టే
మూడుసార్లు సముద్రంలో పడ్డాడు.

సప్పోరోకి తెల్లవారు బండి.
ఒళ్ళో థీసిస్ రెండో అధ్యాయం,
తొడ మీద వేళ్ళు తమ పాటికి తాము దరువేస్తూ,
పెదాల మీద కంపెనీ స్థాపించిన సంవత్సరం.
శీతల గిడ్డంగుల కంపెనీ. బల్ల అవతల ముగ్గురు.
"పరిశోధన, సంగీతం, ఈ ఉద్యోగ ప్రయత్నం.
ఎలా సమతూకం చేస్తున్నారు?"
బట్టీ పట్టిన జవాబుంది: రంగురంగుల టైంటేబుల్.
నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది.
"చెయ్యలేకపోతున్నానండీ.
స్క్విడ్ కూడా ఒరిగిపోతూనే ఈదుతుంది.
ఒరిగావని రాయి చెబుతుంది, అంతవరకే.
సరిచేసుకోవడం ప్రతిసారీ మళ్ళీ కొత్తే."
చివరాయన ఏదో రాసుకున్నారు.
తలకిందులుగా చదవబోయాను,
సగం అక్షరమే కనిపించింది.

తిరిగొచ్చేసరికి పది దాటింది.
ల్యాబులో హతాకెయామా గారి చీటీ:
"ఏడో నమూనా నా లెక్కకి నూట ఎనభై ఐదు.
మళ్ళీ చూడు."
సూటు విప్పకుండానే కూర్చున్నాను.

నూట పది. నూట పదకొండు.
నూట పన్నెండో వలయం మిగతావాటికంటే ముదురు.
ఆ రోజు దానికేం జరిగిందో,
ఆకలో, తుఫానో, తరిమిన చేపో,
రాయిలో రాసి ఉండదు.
దాని తర్వాత నూట పదమూడు ఉంది, పలచగా.
వేలితో మీట నొక్కి
ముందుకి కదిలాను.