గోడకు నోరు

గోడలకు చెవులుంటాయని కదా సామెత.
నేను నోరు పెడుతున్నాను.

షెఫీల్డ్‌లో, డార్నల్‌లో, వరుస ఇళ్లలో నడిమి ఇల్లు మాది.
కింద, బొగ్గు పోసుకునే కాలపు నేలమాళిగ.
పొడవు నాలుగు మీటర్ల ఇరవై, వెడల్పు మూడు చిల్లర,
ఎత్తు మాత్రం ఫణి నెత్తికి బొప్పి కట్టేంత.

ఆర్నెల్లుగా దాని గొంతు నొక్కుతున్నాం.
ఇటుకకు తగలకుండా అంగుళం ఎడంగా చెక్క చట్రం,
చట్రం నిండా రాక్‌వుల్,
పైన బోర్డు, దాని మీద జిగురు, దాని మీద మళ్లీ బోర్డు.
తలుపు సందుకి రబ్బరు.
పెసరగింజంత కన్నం చాలు మేడమ్, మొత్తం పారిపోతుంది
అన్నాడు ప్లాస్టర్ మేస్త్రీ యూసఫ్,
టీ కప్పు మా కొత్త బోర్డుల దొంతర మీదే పెట్టి.

ఇంత చేశాక ఇప్పుడు అదే గోడలో
రెండడుగుల చదరం కోయాలి.
సబ్‌వూఫర్ నేల మీద పెడితే కాళ్లకు అడ్డం,
గోడలో పొదిగితే కంటికి కనపడదు,
కానీ కోసిన చోటల్లా మౌనం కారుతుంది.
అందుకని కన్నం వెనక పెట్టె,
పెట్టె వెనక ఖాళీ, ఖాళీ వెనక ఇటుక.
ఆ ఇటుకే పైకి పోయి
పక్కింటి డోరీన్ హెప్‌వర్త్ మంచానికి తలాపి అవుతుంది.

గళ్ల కాగితం మీద గీస్తాను.
మంద్రానికి కింది మంద్రం, తంబురాకు అందనిది,
ఇరవై హెర్ట్జ్: దాని అల పదిహేడు మీటర్లు.
అంత పాముని ఈ బుట్టలో ఎలా చుట్టడం?
గది నడిమధ్య కూర్చున్నవాడికి
ఒక స్వరం అసలు వినబడనే వినబడదట.
అదే స్వరం మూలన కూర్చున్నవాడి పక్కటెముకలు లెక్కపెడుతుందట.
సోఫాని జానెడు వెనక్కి జరిపాను, కాగితం మీద.
చెరిపి, మళ్లీ ముందుకి.

పెట్టెలో కోన్లు రెండు, వీపూ వీపూ ఆనించి.
ఒకటి అటు తోస్తే ఒకటి ఇటు.
సమానంగా తోసుకుంటే పెట్టె కదలదు.
"నిజమేనంటావా?" టేపు చివర పట్టుకుని ఫణి.
పదకొండేళ్లలో మన ఇల్లు కదిలిందా, అన్నాను.

ముందే చెప్పుకోవడం మంచిదని
శనివారం డోరీన్ దగ్గరికెళ్లాను,
నిమ్మకాయ కేకుతో, ముడుపు చెల్లించేదానిలా.
ఇంత మందం, ఇన్ని పొరలు, మీకు చీమ చిటుక్కుమన్నంత కూడా
అని లెక్కలన్నీ ఒప్పజెప్పాను.

ఆవిడ కేకు విరిచి,
"రాత్రి ఎన్నింటిదాకా వేస్తారు?" అంది.
పదింటికే ఆపేస్తాం, గబగబా అన్నాను.
"అయ్యో, అంత తొందరగానా?"

మద్దెల వెళ్లి రోలుతో మొరపెట్టుకున్నట్టయింది.

వాళ్లాయన ఫోర్జిలో రాత్రి షిఫ్టు చేసేవాడట.
ఆవిరి సమ్మెట పడుతూనే ఉండేదట తెల్లార్లూ.
అల్మారాల్లో పింగాణీ సన్నగా వణికేది,
చంటిపిల్లలకి అదే జోకొట్టడం.
"వినబడేది కాదమ్మా, పరుపులోంచి వచ్చేది."
ఒక రాత్రి, రెండున్నరకి, ఆగిపోయింది.
వీధి వీధంతా లేచి కూర్చుంది.
దీపాలు వెలిగాయి.
నైటీల మీద కోట్లు వేసుకుని గుమ్మాల్లోకొచ్చి
ఏమిటా చప్పుడు, ఏమిటా చప్పుడు
అని ఒకళ్లనొకళ్లు అడిగారట.

"అప్పట్నుంచీ నాకు సరైన నిద్ర లేదు" అంది.
కేకులో తీపి చాల్లేదని కూడా అంది.

ఇంటికొచ్చాను.
కలప దుకాణం ఐదింటికి మూసేస్తారు,
పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లై ఎన్ని షీట్లో చెప్పమని ఫణి.
మూడు, అన్నాను. కాదు, ఆగు, అన్నాను.
కాగితం అడుగున, కుడి మూల, నా చేతిరాతే:
డోరీన్ వైపు లీకేజీ: సున్నా.

సున్నా చెరిపాను.
అక్కడ ఏ అంకె వెయ్యాలో ఏ పట్టికలోనూ లేదు.

గుమ్మంలో ఫణి కారు తాళాలు గలగలలాడిస్తున్నాడు,
బొత్తిగా పై స్థాయిలో.