ఇరవై అయిదు అడుగులు

వెడల్పు ఇరవై అయిదు అడుగులు, పొడవు నూట పాతిక.
షికాగో పడమటి వైపు మా స్థలం,
ఎవరో విప్పి పారేసుకున్న టై లాగా.

పదకొండేళ్ళు సిటీ బస్సు నడిపి కొన్నాను దాన్ని.
నా రూటు దాని ముందు నుంచే.
రోజుకు ఆరుసార్లు ఆ మలుపులో ఎర్ర లైటు పడేది,
పడ్డ ప్రతిసారీ ఆ గడ్డిలో
వంటింటి కిటికీని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేదాన్ని.

భోజనాల బల్ల మీద క్లీటస్ గీసేవాడు.
పక్కిళ్ళ కోసం అటు మూడడుగులు, ఇటు రెండు వదిలితే
మిగిలేవి ఇరవై.
గోడల మందం పోతే పద్దెనిమిది.
అది ప్లాను కాదు, కప్పల తక్కెడ.
మెట్లను కూర్చోబెడితే స్నానాలగది దూకేది,
స్నానాలగదిని పట్టుకొస్తే మంచం గోడలోంచి బయటపడేది.
"మీ అమ్మ పియానో తీసేస్తే?" అన్నాను ఒకరాత్రి.
పెన్సిల్ కింద పెట్టి
వెనక మెట్ల మీద చలిలో కూర్చున్నాడు చాలాసేపు.
పియానో మూల అలాగే ఉండిపోయింది.

ఇక సిటీ ఆఫీసు.
ఏడో కిటికీలో అమ్మాయి:
నీళ్ళ పైపు కాగితం లేందే ప్లాను చూడం.
మూడో కిటికీలో అబ్బాయి:
ప్లాను మీద ముద్ర లేందే నీళ్ళ పైపు కాగితం ఇవ్వం.
మూడుకీ ఏడుకీ మధ్య ఒక బెంచీ.
దాని మీద కూర్చుని ఒక స్వెట్టర్ పూర్తి చేశాను,
చేతులతో సహా.

పక్కింటి పెటిఫర్డ్‌గారు కేకు ముక్క చేతిలో పెడుతూనే అంది:
"నీ ఇల్లు లేస్తే నా జెరేనియాలకి ఎండ పోతుందమ్మా."
నిజమే.
కేకు తిన్నాను.

మే నెలలో జిగ్మంట్ పొక్లెయిన్ దింపాడు.
పొద్దున మట్టి.
మధ్యాహ్నం ఇటుకలు. సాయంత్రం కూడా ఇటుకలే.
అతను దిగి, టోపీ తీసి,
"ఇక్కడ ఇల్లుందండీ" అన్నాడు.
ఉండేదేమో, అన్నాను.
"కాదు. ఉంది."

పాత ఇంటిని పడగొట్టినవాళ్ళు
దాన్ని దాని నేలమాళిగలోకే తోసేసి,
పైన జానెడు మట్టి కప్పి, గడ్డి విత్తనాలు చల్లి పోయారు.
పదకొండేళ్ళు నేను చూసుకున్న పచ్చిక
ఒక దుప్పటి.
దాన్నంతా తవ్వి లారీల్లో పారబోయడానికి
పందొమ్మిది వేల డాలర్లు.
లేని ఇంటిని తీసేయడానికి
లేని డబ్బు.

ఆ రాత్రి మేం ఏం అనుకున్నామో ఇక్కడ రాయను.
నెలాఖరుకి పియానో అమ్మేశాం.
మోసుకెళ్ళేవాళ్ళు దాన్ని మెట్ల మలుపులో తిప్పుతుంటే
ఒక తీగ దానంతటదే మోగింది.
క్లీటస్ నల్లా తిప్పి గిన్నెలు కడిగాడు,
కడిగిన గిన్నెలే.

గోతిలోంచి కాళ్ళున్న స్నానపుతొట్టి వచ్చింది.
ఆకుపచ్చ గోడ కాగితం వచ్చింది.
పలకంత గోడముక్కకి అంటుకుని ఒక స్విచ్చు,
వేసే ఉంది.
పెటిఫర్డ్‌గారికి చూపిస్తే మెల్లగా అంది:
"ఆ ఇల్లున్నన్నాళ్ళూ మా వంటింట్లో పగలే దీపం పెట్టుకునేవాళ్ళం.
అది పోయాకే ఈ మొక్కలు."
ఆగి,
"వాళ్ళు మంచివాళ్ళు. ఉల్లిపాయలు మాడ్చేవాళ్ళు" అంది.

ఇప్పటికీ అదే రూటు, అదే ఎర్ర లైటు.
నిన్న ముందు సీట్లో కుర్రాడు అడిగాడు:
"అక్కడేం కడుతున్నారు?"
ఇల్లు.
"ఎప్పటికవుతుంది?"
తలుపులు మూశాను.

పియానో ఇక లేదు కదా.
ఆ మూల ఒక్కటి కోసేస్తే
ఆవిడ కిటికీకి మధ్యాహ్నం గంటసేపు ఎండ మిగులుతుంది.
క్లీటస్‌కి ఇంకా చెప్పలేదు.