బల్దియా గేటు కాడ

ఈ దేశంల నేను కొత్తగ నేర్వని మాట ఒక్కటే,
బల్దియా.
కోరుట్లల నల్లా బిల్లు కట్టిన మాటే
సముద్రం దాటి నాకంటె ముందొచ్చి
ఫహాహీల్‌ల బోర్డెక్కి కూసుంది.

గేటు కాడ నా రేకుల డబ్బ.
ఒక కంప్యూటర్, ఒక ఫ్యాను, కాగితానికి అర్ధ దీనారు.
పక్కింటి మౌల్వీసాబు కాడ నేర్చిన అలిఫ్ బేలే
ఇన్నేండ్లకు నాకు బువ్వ పెడ్తున్నయి.
ఎండ యాభై దాటిన నాడు
ప్రింటర్ నోట్లె కాగితం మెత్తబడి ఇరుక్కుంటది.

సుబ్బరత్నమ్మ వచ్చింది, రాజంపేటామె.
పదహారేండ్లు ఒక్కింట్ల వండింది.
ఆ ఇంటి పెద్దావిడ పోయినంక
కొడుకును సంతకం అడిగి కొట్టు పెడ్తనన్నది.
లైసెన్సు ఆయన పేరు మీద,
కారం ఈమె చేతిది.

యాపారాల జాబితా తీసిన.
ఆలివ్ కాయకు నంబరుంది, ఖర్జూరానికి నాలుగున్నయి,
ఒంటె పాలకొకటి, ఒంటె తోలుకొకటి.
గోంగూరకు లేదు.
మా దిక్కు పుంటికూర అంటం, ఆమె గోంగూరే అంటది.
మా ఇద్దరి తగాదా
కౌంటర్ల పిలగాడు తెంపిండు:
"పుల్లటి ఆకు" అని రాసుకున్నడు.

పటం పరిచిండ్రు.
ఎరుపుల అంగళ్ళు, పసుపుల ఇండ్లు.
గీత సక్కగ ఆమె గడప మీదికెళ్ళే పోయింది.
వంటిల్లు పసుపుల పడ్డది, కౌంటరు ఎరుపుల.
ఇటు కలపొచ్చు, అమ్మొద్దు.
అటు అమ్మొచ్చు, కలపొద్దు.
"మరి జాడీ యాడ పెట్టాల సామీ?"
ఆ మాట నేను అరబ్బీలకు మార్చలే.

జాసిం అనే ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకొచ్చిండు.
బోర్డు పొడుగు కొలిచిండు, మెట్టు ఎత్తు కొలిచిండు,
తలుపు నుంచి బడి గోడ దాక కొలిచిండు.
రెండు మీటర్లు తక్కువ.
కాసేపు ఎండల నిలబడ్డడు.
మళ్ళ పక్క గోడ నుంచి కొలిచి
"తలుపు ఇటు మార్చుకొమ్మను" అన్నడు మెల్లగ,
ఎవలన్న ఇన్నరా అని అటిటు సూసి.

తలుపు మార్చింది. మూడు నెల్ల జీతమంత పైస పోయింది.
ఫైలు సమీక్షకు పోయింది.
వచ్చే మంగళవారం, ఆ పై మంగళవారం,
రంజాన్ అయినంక, ఈద్ సెలవులైనంక.
"ఊరనీలే అన్నా" అన్నది ఆమె,
"ఆలిస్యం ఆవకాయకు మంచిదేగా."
లోపల ఫైలు, ఇంట్ల జాడీ
రెండూ ఊరినయి.

ఒకనాడు తేల్చిండ్రు.
వీధి వీధంత ఎరుపు చేసిండ్రు, ఈ కొస నుంచి ఆ కొస దాక.
ఇగ ఎవలైనా ఏమైనా అమ్మొచ్చు.
నేనే టైపు చేసిన ఆ మంజూరు కాగితం,
పైసలు తీసుకోలే.

నెల తిరగలే, ఇంటాయన కిరాయి రెట్టింపు చేసిండు.
ఎరుపు రంగు ధర అంతంటడు.
ఇప్పుడు ఆ కొత్త తలుపు లోపల
ఫోన్లు బాగు చేస్తరు.
సుబ్బరత్నమ్మ శుక్రారం శుక్రారం
సంచిల డబ్బాలేసుకొని బస్సెక్కుతది.
డబ్బాల మీద పేరు లేదు, నంబరు లేదు.
మూత సందుల నుంచి ఎర్రటి నూనె మాత్రం
కొంచెం కారుతది.

నిన్న జాసిం నా డబ్బ ముందు ఆగిండు.
కార్డడిగిండు, ఇచ్చిన.
నా పేరు కింద నా పని రాసుంది:
గొర్ల కాపరి.
ఇరవై ఏండ్ల కింద ఏజెంటు కాడ దొరికిన వీసా అది,
దాన్ని ఏ కమిటీ సమీక్ష చెయ్యలే.

"గొర్లేవి?" అన్నడు.
నేనేం అనలే.
ఆయన చూపే మెల్లగ
ఫైళ్ళు నెత్తి మీద నీడకు పెట్టుకొని
గేటు దాక నిలబడ్డ వరుస మీదికి పోయింది.

నవ్వుతడనుకున్న.
నవ్వలే.
టేపు తీసి
గేటుకు నా డబ్బకు నడుమ
దూరం కొలిచిండు.