అయిదెటు పాయె

పదిహేను, ముప్పై, నలభై.
"మరి గా అయిదెటు పాయె?" అంటడు పోశెట్టి
ప్రతి మ్యాచుల, ప్రతి గేముకు,
పై మంచం మీద బోర్ల పండుకొని
నా ఫోన్లకు మెడ సాపి.
"ఏజెంటు తిన్నడు" అంటడు తిలక్ బహదూర్
ఉల్లిగడ్డ కోసుకుంట.
సనాయాల మా రూం మొత్తానికి
టెన్నిస్ లెక్క గిట్లనే సమజైంది.

నేను మాత్రం యులినా మనిషిని.
ర్యాంకు తొంభై ఒకటి. ఎడమచెయ్యి.
కుడి మోకాలికి నల్లపట్టీ.
సర్వు ఏసే ముందు బంతిని ఏడుసార్లు కొడతది నేలకు,
ఆరు కాదు, ఎనిమిది కాదు.
ఆమెది ఏ దేశమో సూద్దామంటె
మ్యాపుల నా బొటనవేలు కింద దాగింది.

జనవరిల ఆస్ట్రేలియాల ఆమె ఓడినప్పుడు
మాకింక తెల్లారలే.
డ్యూటీ బస్సుల గుర్రుపెట్టే యాభైమంది నడుమ
రెండో సెట్టు టైబ్రేకు ఒక్కన్నే
తల్కాయల తిప్పుకుంట కూసున్న.

ఫిబ్రవరిల దోహాకే వచ్చింది.
మా హోటల్లనే దిగింది, పదకొండో అంతస్తుల.
మా లాండ్రీ నేలకు రెండంతస్తుల కింద.
రోవెనా మేడం ట్రాలీ తోసుకొచ్చి
"ప్లేయర్ బట్టలు, జాగ్రత్త" అన్నది.
రెండు బనీన్లు, ఒక తెల్ల స్కర్టు,
అడుగున గా నల్లపట్టీ.

మిషన్ల ఎయ్యబుద్ధి కాలే.
నీలం బకెట్ల గోరువెచ్చని నీళ్లు వట్టి
చేత్తోని పిండిన.
లోపలి అంచుకు చెమట ఎండి
ఉప్పు తెల్లగ గీత కట్టింది.
గా గీత నాకెరుకే.
ఎండకాలమంత పోశెట్టి అంగీ వీపు మీద
గదే ఉంటది.

గా సాయంత్రం ఆమె ఆడుతున్నప్పుడు
దుప్పట్లు మడతపెడుతున్న, నాలుగు వందల పన్నెండు.
ఆరు-రెండు, ఆరు-రెండు,
లిఫ్టు పిల్లగాడు చెప్పిపోయిండు.
పట్టీ మల్ల ఉతుకుడుకు రాలే.

ఒక సంగతి ఆలస్యంగ తెల్సింది నాకు.
పోయినేడు గెల్సిన పాయింట్లు
ఈ ఏడు గదే వారం ఊడిపోతయంట.
మల్ల గెలిస్తెనే ఉన్నకాడ ఉంటదంట.
ఇంటుండంగనే దిగ్గున లేసి కూసున్నడు పోశెట్టి:
"అరె, ఇది మిత్తి గదరా!"
ఆ రాత్రి సంది వాడు సుత యులినా మనిషే.

తర్వాత మట్టి కోర్టులు. ఎర్రమట్టి.
ఆమె జారితె పొడుగ్గ చారికె పడ్డది,
సాక్సులు పిక్కల దాక ఎర్రగైనయి.
ఎవ్వలం మాట్లాడలే కొంచెంసేపు.
"గవి ఎట్ల ఉతుకుతవు?" అడిగిండు తిలక్.
"తడపొద్దు. ముందుగాల ఆరనియ్యాలె,
దులపాలె, అటెన్క సబ్బు."
ఈ దేశమొచ్చినంక
గంత ధీమాగ మాట్లాడింది అప్పుడే.

పచ్చగడ్డి మీద ఆడే దినాలల్ల
మధ్యాహ్నం బయటిపనులు బందు.
ఒకనాడు పోశెట్టి సైటుకాన్నుంచి ఫోటో పంపిండు,
రోడ్డు మీది బోర్డు, ఎర్ర అంకెలు: 45.
కింద వాయిస్ మెసేజు, దమ్ము తీసుకుంట నవ్వుడు:
"దొరికిందిరో నీ అయిదు!
గీడ నా నెత్తి మీద ఉన్నది!"
నేను నవ్వలేకపోయిన.
రెండు దినాలు సెలైను ఎక్కిచ్చిన్రు వానికి.
మంచం మీదికెల్లి అడిగిన మొదటి ముచ్చట,
"గెల్సిందా?"
గెల్సింది. మూడు సెట్లు, మోకాలు కుంటుకుంట.

నవంబర్ల చివరి టోర్నీ,
పేరు నోరు తిరగని ఊరు,
కుర్చీలన్ని ఖాళీ.
ఏడాదంత ఉరికి, సముద్రాలు దాటి
ఎనభై ఎనిమిది కాడ ఆగింది.
మూడంటె మూడు మెట్లు.
నాకు జీతం యాభై రియాల్లు పెరిగింది.
ఎవ్వలది ఎక్కువనో పోశెట్టి లెక్కలేస్తుండు
వేళ్ల మీద, ఇంక తెగలే.

మల్ల ఫిబ్రవరి వస్తుంది.
అన్ని ఊళ్లల్ల ఆమెకు కాపాడుకునేటివి ఉన్నయి,
ఈడ మాత్రం ఒకటే పాయింటు.
పోతె పోయేదేం లేదు ఈడ.
గెలిస్తె మొత్తం మిగులే.
గసుంటి ఊరు ఒకటి ఉంటదనుకోలే నేను,
అదీ ఇదే ఊరు.

నీలం బకెటు కడిగి బోర్లేసిన.