జవాబు లేనివి ముందు

ఆరింటికి పోయిన కరెంటు మళ్లీ రాలేదు.
జిరాక్సు మిషను మీద గుడ్డ కప్పి
షట్టరు సగం దించి స్టూలు మీద కూసున్న.
తహసీలు గేటు కాడి కుక్కకు తప్ప
ఇయ్యాల సిరొంచల ఎవరికీ నాతోని పనిలేదు.

ఫోన్ల మా తాలూకా ముచ్చట్లున్నయి.
పన్నెండు వేల మందిమి, మూడు భాషలు,
నాలుగోది కొట్లాట.
పైన మూలకు మూడు గీతలు,
నొక్కితే ఒకటే అడుగుతది:
ఏవి ముందు చూస్తవు?

కొత్తవి ముందు, అన్న మొదట్ల.
వంతెన మీద లారీ ఆగిందని ఒకడు,
లేదు కదిలిందని ఒకడు,
కదిలిన లారీ ఫొటో కింద
ఆగిన లారీ ఫొటో పెట్టి తిట్టుకునుడు.
ప్రాణహిత వరదల కొట్టుకొచ్చే మొద్దులు చూసిన్రా?
ఇది టేకా, ఇది మద్దా అనుకునేలోపే
కాళేశ్వరం దాటిపోతయి.

ఎక్కువ మంది మెచ్చినవి ముందు, అన్న ఇంకొన్నాళ్లు.
అయే పది మొఖాలు.
గుత్తేదారు పుట్టినరోజు కేకు,
గుత్తేదారు బామ్మర్ది కొత్త బండి.
పెళ్లి పందిట్ల ముందు వరస కుర్చీల లెక్క
ఎప్పుడొచ్చి చూసినా వాళ్లే కూసోనుంటరు.

తెలుగు ఒక్కటే చాలనుకున్న ఒక నెల.
మరాఠీ మాయం, గోండి మాయం,
పానం హాయిగుండె.
పక్కింటి వైశాలీ తాయి
పలకరించకుండ పోతుంటే అప్పుడు తెలిసింది:
వాళ్ల బోరుల నీళ్లు ఎర్రగొస్తున్నయి, మీకెట్లున్నయని
గోడకు అటుపక్క నుంచి
పది రోజులుగా రాస్తున్నదట.

అన్నిటికంటే అడుగున ఇంకొకటుంది.
ఎవ్వరూ నొక్కరనుకుంట.
జవాబు లేనివి.

నొక్కిన.
పాత రికార్డుల గది తలుపు తీసినట్టయింది.
తెల్ల గోగు గింజలు ఎవరి తానున్నయి?
అంకీసా బస్సుల నా గొడుగు మరిచిన, కర్ర పిడిది.
కుక్కపిల్లలు రెండు, ఊరికెనే ఇస్త, ఎవరికి కావాలె?
(అవి ఇప్పటికి ముసలియయి ఉంటయి.)

దాని కింద, రెండు వానకాలాల కిందిది, మరాఠీల.
రాసింది నివృత్తి జగదాళె, అడవి గార్డు.
సాతారాకు బదిలీ అయినంక రాసిండు.

"ఆసరెల్లి తునికాకు కల్లం కాడ ఒక అవ్వ.
పొద్దుగూకి నేను నది బాట పట్టినప్పుడల్లా
పైలం, అనేది.
మా భాషల పైల అంటే అవతలిది, అవతలి ఒడ్డు.
రోజూ ఆగి అటు చూసేటోణ్ని.
ఇసుక. కొంగలు. ఒకసారి పొగ.
ఆమె నాకేం చూపించాలనుకుంది?
ఎవరికన్న ఎరుకేనా?"

మెచ్చినోళ్లు సున్న. జవాబులు సున్న.

నవ్వొచ్చింది ముందు.
మా దగ్గర చెప్పులేసుకునే పోరనికి ఎరుక పైలమంటే ఏందో.
పామున్నది పైలం, మెట్టున్నది పైలం,
చిల్లర లెక్కవెట్టుకో, పైలం.
అవ్వ వేలు ఎటూ చూపలేదు సారూ,
జాగ్రత్తగ పొమ్మన్నది, అంతే.

అని రాసి, ఆగిన.
ఒక మనిషి ఎండకాలమంతా
ఖాళీ ఇసుకను నిలబడి చూసిండు
తనకేదో చెప్పిన్రని.
ఇప్పుడు నేను చెరపాల్నా ఆ ఒడ్డును?

కుక్క ఒక్కసారి మొరిగి ఊకున్నది.

రోజూ ఆగి, నలుదిక్కులు చూసి, కదిలినోడు
పైలంగనే పోయిండు గద.
ఆ ముక్క కూడ చేర్చిన, వచ్చీరాని మరాఠీల.
లింగం తప్పింది, దిద్దలే. పంపిన.

పంపుడుతోనే ఆయన ప్రశ్న
నా కండ్ల ముందే జాబితాలకెళ్లి జారిపోయింది.
జవాబున్నదైంది, ఇంక ఇక్కడ దానికి జాగ లేదు.
గొడుగు ఒక మెట్టు పైకొచ్చింది.

మా షాపు మూలకు మూడు గొడుగులున్నయి,
ఫారాలు నింపుకోనొచ్చి మరిచిపోయినోళ్లవి.
లేచి, ఫోను వెలుగుల
పిడులు చూస్తున్న.