గోరంత గడి

నుస్రత్ మేడం,
మీ రిజిస్టర్ల ఆ గడి మరీ చిన్నది.
"పాలు ఏ పద్ధతి, ఎందుకు" అని పైన అచ్చేసిన్రు.
ఎందుకు అన్నదానికి ఇచ్చిన జాగ
నా చిటికెనవేలు గోరంత.

పార్సీగుట్టల మాది ఒక్కటే అర్ర.
ఐదుగురం మనుషులం, ఒక కుట్టుమిషను,
బియ్యం డబ్బ అడుగున
పాత దస్తీల చుట్టిన నా గోళీలు.
రాత్రి తొమ్మిదికి ఫోను గుర్రుమంటది.
"ఎవరే?" అంటది అత్త.
"కంపెనీవాళ్లు" అంట.
రోజూ తొమ్మిదికే మోగే కంపెనీ ఏందో
ఆమె ఇంక అడగలే.

డబ్బ పాలే పోద్దామనుకున్న, మేడం.
ఆయన గూడ అదే అన్నడు.
మందుల దుకాణంల ధర చూసి
డబ్బను మళ్ల అరల పెట్టిండు,
వరుస చెదరకుండ, మెల్లగ.
ఒక్క డబ్బకు నేను నాలుగు జాకెట్లు కుట్టాలె.
బిడ్డకు అది ఐదు దినాలు.
పదో తారీకు ఆటో కిస్తీ.

నల్ల రోజు విడిచి రోజొస్తది.
మొదటి బిందె తుప్పు, రెండో బిందె మోరి వాసన,
మూడో బిందె దాక నిలవడితే కొట్లాట.
సీస ఎన్నిసార్లు ఉడకవెట్టాల్నో
మీరు వేళ్లు మడిచి లెక్క చెప్పిన్రు.
ఆ లెక్క నాకు తెలిసింది,
నెలాఖరుకు బోర్ల పండే సిలిండరుకే తెల్వదు.

ఇగ మంది.
మా గల్లీల బాలింత పాలియ్యకుంటే
మొదటి దినం "పాలు పడలేదా బిడ్డా" అని
ఎల్లిగడ్డ కారం తెస్తరు.
మూడో దినం తెచ్చుడు బంజేస్తరు.
వారం దాటినంక
పక్కింటి అంజవ్వ మా ఇంట్ల చాయ తాగదు.
లాలాగూడల మా పెద్దమ్మ బిడ్డకు గిట్లనే అయ్యింది.
ఒక్క సీసను చూసి అంత చదివేసిన్రు,
బళ్లె కాలు పెట్టనోళ్లు గూడ.

గందుకే రొమ్మిచ్చిన.
తల్లిపాలు అమృతమని రాసిన గోడకు
ఎదురుమంచమే నాది.
మొదటి గుటక చప్పుడుకు నా ఒళ్లు జల్లుమన్నది.
ఇచ్చుడా ఇది, అంటిచ్చుడా?

మీరన్నరు:
నీ గోళీ తప్పద్దు, పిల్లకు చుక్కల మందు తప్పద్దు,
ఆరు నెలలు నీ పాలు తప్ప ఇంకో చుక్క వద్దు.
మొదటి రెండు నా చేతుల ఉన్నయి.
మూడోది అత్త చేతుల ఉన్నది.

పురుడు నాడు నేను బట్టలు పిండుతుంటే
ఆమె తేనెల వేలు ముంచుకొని పిల్ల దిక్కు పోతున్నది.
సబ్బు నురగతోనే ఉరికి
ఆ వేలు పట్టుకున్న.
ముప్ఫై ఏండ్ల కింద నా మొగనికి తేనె నాకిచ్చిన వేలు.
"నాకిస్తే నా కొడుకు సచ్చిండా?" అన్నది.
సావలేదత్తా,
నా లెక్కనే గోళీలు మింగుతున్నడు...
నోటిదాక వచ్చింది.
"డాక్టరమ్మ తిడతది" అన్న.
ఆ పూట మీ పేరు చెప్పుకొని బతికిన.
ఆమె ఆ వేలు తనే నాక్కొని
మూడు దినాలు నాతోని మాట్లాడలే.

మొన్న ఆరు వారాలు నిండినయి.
మడమ మీద సూది,
అట్ట మీద ఐదు నెత్తురు చుక్కలు.
ఎండవెట్టి ఎటో పంపిన్రు.
జవాబు వచ్చేదాక పిల్ల ఆకలి ఆగుతదా?
తాగుతది, నడుమ ఆగి నా మొఖం చూస్తది,
మళ్ల పట్టుకుంటది.

ఇదంత మీకు చెప్పిన్నా?
లేదు.
బల్ల ముంగట తల వంచుకొని
"మీ ఇష్టం మేడం" అన్న.
మీరు నన్నొకసారి చూసి
పెన్ను మూత తీసి
గోరంత గడిల రాసిన్రు:
"తల్లి ఇష్టం."

అవుతలి దిక్కు నుంచి తలకిందులుగ చదివిన.
అబద్ధమనలేను.

బయట లైన్ల నా ఎనక ఉన్నామె
సంచిని కొంగుతోని కప్పుకుంటున్నది.
డబ్బ అంచు జరంత కనవడ్డది.
ఆమెకూ అంతే గడి.